భూకంపంలో మా నీళ్లు కింది ఇంట్లోకి దిగాయి, తాతామీ (గదిలో నేలకు పరిచే గడ్డి చాపల) డబ్బు మేమే కట్టాలా?

ప్రశ్న: టోక్యోలో నిషికసాయిలో నాలుగో అంతస్తులో అద్దెకుంటున్నాం. భూకంపం వచ్చిన రాత్రి వాషింగ్ మెషిన్ పైపు ఊడిపోయింది. పిల్లల్ని ఎత్తుకుని కిందికి పరిగెత్తాం. గంట తర్వాత వచ్చి చూస్తే, కింది ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే పెద్దావిడ గదిలోకి నీళ్లు దిగిపోయాయి. ఆవిడా అద్దెకే ఉంటున్నారు. ఆ తాతామీలకు 90 వేల యెన్‌లు, మా కిటికీ అద్దం, గోడ పగులు ఖర్చు అన్నీ మా డిపాజిట్‌లో కోసుకుంటామని, ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమని మేనేజ్‌మెంట్ వాళ్లు కాగితం పంపారు. స్టవ్ వెలుగుతోంది గానీ మూడు వారాలుగా వేడినీళ్లు రావట్లేదు. అద్దె 1,40,000 యెన్‌లు.

జవాబు: ముందు ఆ కాగితం పక్కన పెట్టండి, సంతకం మాత్రం పెట్టకండి. టెన్షన్‌లో, భాష పూర్తిగా అర్థం కాకుండా పెట్టిన సంతకాన్ని తర్వాత వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

అద్దం, గోడ సంగతి తేలికే. జపాన్ సివిల్ కోడ్ 621వ సెక్షన్ ప్రకారం అద్దెకున్నవారి తప్పు లేకుండా జరిగిన నష్టాన్ని వాళ్లు బాగుచేసి ఇవ్వక్కర్లేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వచ్చే గొడవల మీద అక్కడి ప్రభుత్వ శాఖే ఇచ్చిన మార్గదర్శకాల్లో, భూకంపానికి పగిలిన అద్దం ఓనర్ ఖర్చేనని ఉదాహరణగా రాసి ఉంది. షికికిన్, అంటే మీ డిపాజిట్, లోంచి కోసుకునే హక్కు వాళ్లకు లేదు.

ఇక నీళ్లు. 709వ సెక్షన్ కింద మీరు డబ్బు కట్టాలంటే మీ నిర్లక్ష్యం ఉండాలి, దాన్ని రుజువు చేయాల్సింది కూడా అడుగుతున్నవాళ్లే. ఇల్లు ఊగుతుంటే పిల్లల్ని వదిలేసి కుళాయి కట్టడానికి ఎవరూ వెళ్లరు, అది నిర్లక్ష్యమని ఏ కోర్టూ తేలిగ్గా అనదని నా అభిప్రాయం. కానీ ఒక్క విషయం నిజాయితీగా ఆలోచించుకోండి: ఆ పైపు అంతకుముందే వదులుగా ఉండి చుక్కలు కారేదా? తెలిసీ వదిలేశారంటే మాత్రం మీ వాదన బలహీనపడుతుంది. పైపు ఊడింది మెషిన్ దగ్గరా, కుళాయి దగ్గరా, లేక గోడలోని గొట్టమే పగిలిందా అనేది కూడా చూడండి, ఫోటో తీయండి. గోడలో గొట్టమైతే అది కట్టడంలో భాగం, దానిలో లోపం ఉండి, మీ వైపు జాగ్రత్తలో లోటు లేకపోతే 717వ సెక్షన్ ఓనర్ వైపే వేలు చూపిస్తుంది.

ఇంకో మాట. తాతామీ ఆ పెద్దావిడది కాదు, ఇంట్లో భాగం, ఓనర్‌ది. 606వ సెక్షన్ ప్రకారం దాన్ని బాగుచేయించాల్సింది ఓనరే. ఆవిడ పేరు చెప్పి ఓనర్ ఖర్చు మీ మీదికి నెడుతున్నారని నాకనిపిస్తోంది, ఇది నాకు అస్సలు నచ్చలేదు.

వేడినీళ్ల సంగతి. పెద్ద భూకంపానికి గ్యాస్ మీటర్ దానంతటదే ఆగిపోతుంది, బటన్ నొక్కి 3 నిమిషాలు ఆగితే మళ్లీ వస్తుంది. మీకు స్టవ్ వెలుగుతోందంటే తప్పు మీటర్‌ది కాదు, హీటర్‌దే అనుకోవాలి. ఇంటితోపాటు ఇచ్చిన హీటరైతే రిపేర్ ఓనర్‌దే. పైగా 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న 611వ సెక్షన్ ప్రకారం వాడుకోలేని భాగానికి తగ్గట్టు అద్దె దానంతటదే తగ్గుతుంది. అద్దె ఇళ్ల నిర్వహణ సంస్థల సంఘం లెక్కలో స్నానాల గది వాడుకోలేకపోతే మొదటి 3 రోజులు వదిలేసి మిగతా రోజులకు అద్దెలో 10 శాతం తగ్గించాలి. 21 రోజులకు మీది 8,400 యెన్‌లు. ఇది చట్టం కాదు, బేరానికి ఆధారం మాత్రమే. మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో వద్దు. చెప్పినా రిపేర్ చేయించకపోతే మీరే చేయించుకుని ఖర్చు అడగొచ్చు.

ఇల్లు తీసుకున్నప్పుడు చేయించిన అగ్నిప్రమాద బీమా కాగితం కూడా తీసి చూడండి. అది భూకంప నష్టానికి వర్తించదు, భూకంప బీమా విడిగా జోడించి ఉంటేనే టీవీ, గిన్నెల లాంటి సామానుకు డబ్బు వస్తుంది. పగిలినవి ఫోటో తీయకుండా పారేయకండి. క్లెయిమ్‌కు 3 ఏళ్ల గడువు ఉంది.

వాళ్లు ఒప్పుకోకపోతే హోతెరాసు అనే ప్రభుత్వ న్యాయ సహాయ కేంద్రానికి ఫోన్ చేయండి, ఇంగ్లీషులో మాట్లాడొచ్చు. అద్దె ఒప్పందం దగ్గర పెట్టుకోండి, నేను దాన్ని చూడకుండానే ఇదంతా చెబుతున్నాను.

ఈలోగా కిందికి వెళ్లి ఆ పెద్దావిడను పలకరించారా? సుమిమాసెన్ (క్షమించండి) అన్నంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు, భయపడకండి. డబ్బు ఇస్తామని మాత్రం అనకండి. తడిసిన సామాను ఎత్తి ఆరబెట్టడానికి సాయం చేయండి, ఆవిడ తరఫున కూడా ఫోటోలు తీసిపెట్టండి, ఆవిడకు భూకంప బీమా ఉందేమో అడగండి. ఉంటే ఆ ఫోటోలే ఆవిడకు పనికొస్తాయి.