మిర్చి యార్డుకి వెళ్లి చూడమ్మా

ప్రశ్న: ఇంటర్ ఎకనామిక్స్‌లో సంపూర్ణ పోటీ, ఏకస్వామ్య పోటీ కలిసిపోయి టెన్షన్ వస్తోంది సార్. తేడా ఎలా గుర్తుపెట్టుకోవాలి?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీ ఊళ్లోనే ఉందమ్మా జవాబు. మిర్చి యార్డులో తేజ రకం టిక్కీలు (మిర్చి బస్తాలు) చూడు, ఒకే నాణ్యత ఉంటే ఈ రైతు కాయకీ ఆ రైతు కాయకీ తేడా లేదు కాబట్టి, ఒకాయన క్వింటాకి రూ.100 ఎక్కువ అడిగితే కొనేవాడు పక్క కుప్ప దగ్గరికి పోతాడు, ధర రైతు చేతిలో ఉండదు. సంపూర్ణ పోటీకి దగ్గరిది ఇదే. అచ్చంగా అదే కాదు, కొనేవాళ్లు రైతులంత మంది ఉండరుగా, నాకు బాధనిపించేది అక్కడే.

ఇక బెజవాడ బీసెంట్ రోడ్డు. బట్టల షాపులు బోలెడు, కానీ ఒక్కోదానిది ఒక్కో డిజైను, అందుకే కాస్త ధర పెంచినా పాత కస్టమర్లందరూ పోరు. అది ఏకస్వామ్య పోటీ. పేరు చూసి రైల్వేని ఉదాహరణగా రాసేవు, అది ఏకస్వామ్యం, అమ్మేవాడు ఒక్కడే!