పాళీ మార్చమన్నాను, పాతది తిరిగి ఇవ్వనంటున్నారు

ప్రశ్న: మా తాతగారి పార్కర్ 51 పెన్ను ఇంకు కక్కుతోందని హైదరాబాద్‌లో ఒక రిపేరు దుకాణంలో ఇచ్చాను. వాళ్లు విప్పి, పాళీ ఫొటో వాట్సాప్‌లో పంపి, 'కొన అరిగింది, మార్చాలి' అన్నారు. 'సరే, మార్చండి' అన్నాను. 1,800 రూపాయలు కట్టి తెచ్చుకున్నాను. రాస్తుంటే కాగితం మీద గీరుకుంటోంది. ఇక్కడ మరొకరికి చూపిస్తే లోపల స్టీలు పాళీ ఉందన్నారు. ఫొటోలో ఉన్నది బంగారు పాళీ, 14కె ముద్ర కూడా కనిపిస్తోంది. పాతది ఇమ్మంటే, 'మార్చమన్నది మీరేగా, పాత పార్టులు ఇవ్వం, రసీదు వెనక రాసే ఉంది' అంటున్నారు. పోలీసు కేసు పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మార్చమనడం వేరు, వదులుకోవడం వేరు. మీరు ఒప్పుకున్నది మొదటిదానికే. పెన్నులోంచి తీసినంత మాత్రాన ఆ పాళీ దుకాణదారు సొత్తు అయిపోదు.

ఒక పని కోసం వస్తువును అప్పగించి, పని అయ్యాక తిరిగి తీసుకునే ఒప్పందాన్ని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, 148వ సెక్షన్, బెయిల్‌మెంట్ అంటుంది. బండిని మెకానిక్‌కిచ్చినా, గొలుసును అతికించమని కంసాలికిచ్చినా ఇదే చట్టం. పని పూర్తయ్యాక, యజమాని అడగకపోయినా వస్తువు తిరిగి ఇవ్వాలని 160వ సెక్షన్ చెబుతోంది. అలా ఇవ్వక నష్టం జరిగితే బాధ్యత తీసుకున్నవారిదేనని 161వ సెక్షన్ అంటుంది. 'అసలు ఈ పెన్ను మీ తాతగారిదని రుజువేంటి?' అని వాళ్లు అడ్డం తిరిగినా కంగారుపడకండి. చేతికిచ్చింది మీరు, డబ్బు కట్టింది మీరు. వినియోగదారుగా ఫిర్యాదు చేయడానికి అది చాలు.

ఇక స్టీలు సంగతి. పార్కర్ 51లో పాళీ దాదాపు మొత్తం ప్లాస్టిక్ తొడుగు కింద దాగి ఉంటుంది, కొన మాత్రమే బయటికి కనిపిస్తుంది. లక్కతో అతికించిన ఆ తొడుగు విప్పితే తప్ప లోపల ఏముందో మీకు తెలియదు. మీకు తెలిసే వీల్లేని చోట పని చేసేటప్పుడు, వేసేది బంగారమో స్టీలో ముందే చెప్పవలసింది దుకాణదారే. బంగారు పాళీ ఫొటో పంపి 'మార్చాలి' అంటే, అలాంటిదే వేస్తారనుకోవడం సహజం. దానికి వాళ్లు ఒక జవాబు చెప్పే అవకాశం ఉంది. ఇదే పెన్నులో 'స్పెషల్' అనే చవక రకం కూడా వచ్చింది, దానికి ఆక్టేనియం అనే స్టీలు పాళీ ఉండేది. 'మీది మొదట్నుంచీ స్టీలే' అంటారేమో. ఆ మాటను కొట్టిపారేసేది వాళ్లు పంపిన ఫొటోయే. అందుకే ఆ చాట్ తొలగించకండి, ఫోనూ మార్చకండి. దాన్ని సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం, 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన సర్టిఫికెట్ జతచేయాలి.

ఈలోపు పెన్నును రిపేరు కోసం ఎవరి చేతా మళ్లీ విప్పించకండి. ఎలా ఉందో అలాగే ఉంచండి, దానితో రాయకండి. మీ ఊరు స్వదేశీ ఉద్యమ కాలంలో రత్నం పెన్నులు పుట్టిన ఊరు. చేత్తో పెన్నులు చేసేవారు అక్కడ ఇప్పటికీ ఉన్నారు. ఇప్పటికే విప్పి చూసిన ఆయన చేత, లేదంటే అలాంటి మరో పనివాడి చేత, లోపలున్నది ఏ పాళీయో కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. వినియోగదారుల కమిషన్ ఎక్కువగా అఫిడవిట్లు, పత్రాల మీదే తీర్పు చెబుతుంది కాబట్టి ఆ ఒక్క కాగితం చాలా పనికొస్తుంది.

రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మాట, పెన్ను తీసుకునేటప్పుడు మీకు చెప్పారా లేదా అన్నది ముఖ్యం. చెప్పకపోతే, దానికి మీరు ఒప్పుకున్నట్టు చూపించడం వాళ్లకు కష్టం. ఆ షరతునే అన్యాయమైన ఒప్పందమని సవాలు చేయాలంటే రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. మీకంత దూరం అక్కర్లేదు, సేవాలోపం కింద జిల్లా కమిషన్ చాలు. ఒక్క విషయం మాత్రం సరిచూసుకోండి: బిల్లులో 'ఎక్స్ఛేంజ్' అని రాసి, పాత పాళీకి ధర తగ్గించి ఉంటే మీ వాదన బలం చాలా తగ్గుతుంది.

పోలీసు కేసు ఇప్పుడే వద్దంటాను. భారతీయ న్యాయ సంహిత, 316వ సెక్షన్ కింద నమ్మకద్రోహం నేరమే, 5 సంవత్సరాల వరకు శిక్ష కూడా ఉంది. కానీ దురుద్దేశం చూపించాలి. పైగా మీకు కావలసింది పాళీ. కేసు పడితే అది ఎక్కడో పారేశామంటారు.

ముందుగా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 'నష్టపరిహారం ఇవ్వండి' అని మొదలుపెట్టకండి. 'మీరు ఫలానా తేదీన ఫొటో పంపిన పాళీని 15 రోజుల్లో తిరిగి ఇవ్వండి' అని ఫొటో ప్రింటుతో సహా అడగండి. దిగిరాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి. ఆ తర్వాత కమిషన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు 2 సంవత్సరాలు. పాళీ లేదా దాని మార్కెట్ ధర, 1,800 రూపాయలు, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు అడగండి. తాతగారి జ్ఞాపకానికి లక్షలు ఇప్పిస్తారని మాత్రం ఆశపడకండి.

అసలు పాళీ దొరకదని, అదే మోడల్‌కు మరో బంగారు పాళీ వేసిస్తామని వాళ్లు ముందుకొస్తే ఒప్పుకోవడంలో తప్పులేదు. అయితే అది బిగించి, మీరు ఇంకు నింపి రాసి చూసుకునేదాకా 'ఇక ఏ బాకీ లేదు' అన్న కాగితం మీద సంతకం పెట్టకండి.