నలభై దాటాక ఇసుకలో ఆడాలంటే: సర్వీసులన్నీ మీ మీదికే వస్తాయి

ప్రశ్న: కాలేజీ రోజుల నుంచి ఇండోర్ వాలీబాల్ ఆడాను. ఇప్పుడు 42 ఏళ్లు. మోకాళ్ల నొప్పి వల్ల గట్టి నేల మీద ఆట మానేశాను. బీచ్ వాలీబాల్‌లో పాతికేళ్ల కుర్రాళ్లతో పోటీకి దిగవచ్చా? వయసు మీద పడినా పోటీలో నిలిచే ఆటగాళ్లు ఏం చేస్తారు?

జవాబు:

దిగవచ్చు. కాకపోతే ఒక సంగతి ముందే తెలుసుకుని దిగండి. మొదటి సెట్ సగం కాకముందే అవతలి జట్టు సర్వీసులన్నీ మీ మీదికే వేయడం మొదలుపెడుతుంది.

ఇండోర్‌లో ఆరుగురు ఉంటారు. కాళ్లు సహకరించని ఆటగాణ్ని వెనక వరుసలో దాచవచ్చు, లిబెరోగా (వెనక నుంచి బంతి అందుకోవడమే పనిగా ఉండే ఆటగాడిగా) మార్చవచ్చు, కాసేపు బెంచీ మీద కూర్చోబెట్టవచ్చు. ఇసుకలో ఉండేది ఇద్దరే. మార్పిడి ఆటగాడంటూ ఎవరూ ఉండరు. పైగా సర్వీస్ ఎవరు అందుకుంటే సాధారణంగా స్మాష్ కొట్టాల్సిందీ వారే. మీరు బంతి అందుకుని పాస్ ఇస్తే భాగస్వామి దాన్ని కొట్టడానికి వీలుగా పైకెత్తి పెడతాడు (దీన్నే సెట్ చేయడం అంటారు), మూడో స్పర్శ మళ్లీ మీదే కదా! అంటే వంగి బంతి అందుకోవాలి, లేవాలి, ఇసుకలో పరుగెత్తాలి, ఎగరాలి, కొట్టాలి. ఊపిరి తిప్పుకునేలోపే మళ్లీ ఇంకో సర్వీస్. నెరిసిన జుట్టు కనబడగానే ఎదుటివారు వేసుకునే మొదటి లెక్క ఇదే. ఇందులో కోపం తెచ్చుకోవలసిందేమీ లేదు. అవతల నాకన్నా పెద్దవారు ఉంటే నేనూ మొహమాటం లేకుండా వారి మీదికే వేస్తాను.

నేను ముప్పైల చివర్లో ఇండోర్ నుంచి ఇసుకకు మారాను. ఇప్పుడు యాభైకి దగ్గర పడుతున్నాను. వయోపరిమితి లేని ఓపెన్ టోర్నమెంట్లలో నాకన్నా చాలా చిన్నవాడైన భాగస్వామితో ఆడుతున్నాను. కాబట్టి ఇక్కడ చెప్పేది చాలావరకు నా ఒంటి మీద తెలిసిన సంగతే.

వయసు వస్తే ఎగరడం తగ్గుతుందని అందరూ బెంగపడతారు. తగ్గే మాట నిజమే. కండరాల బలం కన్నా ఆ బలాన్ని ఒక్కసారిగా వాడే వేగం ముందు పడిపోతుంది, స్మాష్‌కు ఎగరడానికి కావలసింది అదే. అయినా నన్ను ఓడించేది అది కాదు. ఉదయం మొదటి మ్యాచ్‌లో నాకూ నా భాగస్వామికీ పెద్ద తేడా కనబడదు. మధ్యాహ్నం మూడో మ్యాచ్‌కు వచ్చేసరికి అతను నీడలో కాసేపు పడుకుని లేచి కొత్తవాడిలా వస్తాడు, నాకు పిక్కలు బిగుసుకుపోయి ఉంటాయి. తగ్గేది కోలుకునే వేగం. ఒక్క మ్యాచ్ చూసి మీ స్థాయిని అంచనా వేసుకోకండి, రోజు చివరి మ్యాచ్‌లో ఎలా ఆడారో చూసుకోండి.

దీనివల్ల టోర్నమెంటులో లెక్కలే మారిపోతాయి. చాలా చోట్ల రెండుసార్లు ఓడితేనే ఇంటికి పంపే పద్ధతి ఉంటుంది. మొదటి మ్యాచ్ ఓడినవారు ఓడినవారి వరుసలోకి వెళ్లి, పైకి రావాలంటే అదనంగా చాలా మ్యాచ్‌లు ఆడాలి. కుర్రాళ్లు నిద్రమొహంతో వచ్చి మొదటి మ్యాచ్ పోగొట్టుకున్నా సాయంత్రానికి సెమీఫైనల్‌కు చేరగలరు. మనవల్ల కాదు. అందుకే నలభై దాటినవారికి ఆ రోజు అన్నిటికన్నా ముఖ్యమైనది మొదటి మ్యాచ్. దానికి ముందు నా వార్మప్ చూసి కుర్రాళ్లు నవ్వుకుంటారు, అంతసేపు చేస్తాను. ఒళ్లు తడిసేదాకా, భుజం పూర్తిగా తిరిగేదాకా, రెండు మూడు నిండు పరుగులతో స్మాష్ కొట్టేదాకా కోర్టులోకి వెళ్లను.

మీ మోకాళ్ల విషయానికి వస్తే ఇసుక మంచిదే. దిగినప్పుడు దెబ్బను చాలావరకు అదే పీల్చుకుంటుంది. ఇండోర్ ఆటగాళ్లను వేధించే మోకాలి చిప్ప కింది స్నాయువు నొప్పి బీచ్ ఆటగాళ్లలో తక్కువ. కానీ దెబ్బను పీల్చే ఇసుకే మీ బలాన్నీ పీల్చుకుంటుంది. గట్టి నేల మీద కన్నా ఇసుకలో పరుగెత్తడానికి సుమారు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుందని లెక్క. మడమ లోపలికి దిగిపోతుంది కాబట్టి పిక్కల మీద, మడమ వెనకాల స్నాయువు మీద భారం పెరుగుతుంది. ఇండోర్ నుంచి వచ్చినవారు మోకాళ్లను కాచుకుంటూ పిక్కలను మరిచిపోతారు. స్నాయువులు కండరాలంత త్వరగా అలవాటు పడవు. మొదటి కొన్ని నెలలు వారానికి రెండు రోజులకు మించి ఇసుకలోకి వెళ్లకండి. మిగతా రోజుల్లో ఒంటికాలి మీద నిలబడి మడమ పైకెత్తి నెమ్మదిగా దించే వ్యాయామం చేయండి, అలవాటయ్యాక చేతిలో బరువు పట్టుకుని చేయండి.

ఇక పెద్ద ఆటగాళ్ల సంగతి. ఈ ప్రశ్నకు ఎవరైనా ముందు చెప్పే పేరు కార్చ్ కిరాయ్. 1984, 1988 ఒలింపిక్స్‌లో అమెరికా ఇండోర్ జట్టుతో స్వర్ణాలు గెలిచాడు. 1996లో అట్లాంటాలో బీచ్ వాలీబాల్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడు 35 ఏళ్ల వయసులో కెంట్ స్టెఫెస్‌తో కలిసి మళ్లీ స్వర్ణం గెలిచాడు. అక్కడితో ఆగలేదు. 2000ల ఆరంభంలో ఆట రూపమే మారింది. కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు నుంచి 16, 8 మీటర్లకు తగ్గింది. సర్వీస్ చేసిన జట్టుకే పాయింటు వచ్చే పద్ధతి పోయి సర్వీస్ ఎవరిదైనా ప్రతి ర్యాలీకీ (సర్వీస్ నుంచి బంతి ఆగేదాకా సాగే ఆటకు) పాయింటు వచ్చింది. పాత ఆటలో పండిపోయిన చాలామంది ఆ మార్పుతో వెనకబడ్డారు. కిరాయ్ మాత్రం 2005లో, 44 ఏళ్ల వయసులో, అమెరికా ప్రొఫెషనల్ టూర్‌లో మైక్ లాంబర్ట్‌తో కలిసి టైటిల్ గెలిచాడు. 2007లో 46 ఏళ్లకు ఆట నుంచి తప్పుకున్నాడు.

లాంబర్ట్ కిరాయ్ కన్నా 13 ఏళ్లు చిన్న, పొడగరి, నెట్ దగ్గర ఎగిరి ఎదుటివారి స్మాష్‌ను అడ్డుకునే బ్లాకర్. ఈ జోడీలోని పొందిక గమనించండి, ఇది మళ్లీ మళ్లీ కనబడుతుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్రెజిల్ ఆటగాడు ఇమాన్యుయెల్ రెగో 39 ఏళ్లకు రజతం గెలిచినప్పుడు పక్కనున్నది ఇరవైల్లో ఉన్న, రెండు మీటర్లు దాటిన ఆలిసన్ చెరుట్టి. టోక్యోలో ఏప్రిల్ రాస్ 39 ఏళ్లకు స్వర్ణం గెలిచింది, ముందు నిలబడి బ్లాక్ చేసింది ఆమెకన్నా ఏడేళ్లు చిన్నదైన, 1.96 మీటర్ల ఆలిక్స్ క్లైన్‌మన్. అనుభవం వెనక కోర్టును చూసుకుంటుంది, ఎత్తూ వయసూ నెట్‌ను చూసుకుంటాయి. బ్లాకర్ పని ర్యాలీ ర్యాలీకీ ఎగరడం, ఎదుటివారి సెట్ బాగోలేకపోతే వెనక్కి పరుగెత్తడం, మళ్లీ నెట్ దగ్గరికి రావడం. వయసు మీద పడ్డవాడి కాళ్లను అది త్వరగా తినేస్తుంది.

దీనికి మినహాయింపులూ ఉన్నాయి. ఫిల్ డాల్‌హౌసర్ 41 ఏళ్లకు, జేక్ గిబ్ 45 ఏళ్లకు టోక్యో ఒలింపిక్స్ ఆడారు, ఇద్దరూ బ్లాకర్లే. డాల్‌హౌసర్ ఎత్తు 2.06 మీటర్లు, గిబ్ కూడా రెండు మీటర్ల పైమాటే. ఎత్తుకు వయసు రాదు. మనకు అంత ఎత్తు లేదు కాబట్టి ఆ దారి వదిలేద్దాం.

మీరు కూడా మీకన్నా చిన్నవాణ్ని, పొడగరిని వెతుక్కోండి. అయితే అతను ఎంత ఎత్తు ఎగురుతాడో చూసే ముందు బంతి సెట్ ఎలా చేస్తాడో చూడండి. సర్వీసులన్నీ మీ మీదికి వస్తే అతను రోజంతా చేసేది ఆ పనే. నెట్‌కు అర మీటరు దూరంలో, ప్రతిసారీ ఒకే ఎత్తులో బంతి పెట్టగలిగితే మీ కాళ్లకు సగం శ్రమ తప్పుతుంది. సెట్ చేశాక కోర్టులో ఎక్కడ ఖాళీ ఉందో అరిచి చెప్పడం కూడా అతని పనే. మీరు గాలిలో ఉంటారు, కళ్లు బంతి మీద ఉంటాయి, అవతలి డిఫెండర్ ఎటు జరిగాడో చూసేది అతనే. ‘లైన్’ (పక్క గీత వెంబడి నేరుగా), ‘కట్’ (నెట్‌కు దగ్గరగా అడ్డంగా) అన్న ఆ ఒక్క మాట సమయానికి వినబడితే గట్టిగా కొట్టనక్కరలేదు, బంతిని ఆ మూలకు చేరిస్తే చాలు.

మీ పాస్ విషయంలో నా సలహా ఒక్కటే: ఎత్తుగా ఇవ్వండి. బంతి గాలిలో ఎంతసేపు ఉంటే మీరు లేచి, స్థిమితపడి, పరుగు మొదలుపెట్టడానికి అంత వ్యవధి. పారిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన స్వీడన్ జోడీ ఓమాన్, హెల్విగ్ రెండో స్పర్శకే ఎగిరి, అక్కడే కొట్టాలా సెట్ ఇవ్వాలా అన్నది గాలిలో తేల్చుకుంటారు. చూడటానికి కన్నుల పండుగ, ఇరవైల్లో ఉన్నవారికి తగిన ఆట. దాన్ని అనుకరించబోతే మధ్యాహ్నానికి మీ పని అయిపోతుంది.

వయసుతో పాటు పెరిగేది ఒకటుంది, చూపు. కంటిచూపు కాదు, ఎదుటివాడి కదలికను చదవడం. డిఫెన్స్‌లో ఉన్నప్పుడు బంతి సెట్టర్ చేతిలోంచి బయటపడేదాకానే నేను బంతిని చూస్తాను. సెట్ నెట్‌కు దూరంగా పడిందంటే గట్టిగా కిందికి కొట్టడం కష్టం, నెమ్మదిగా ఏదో ఒక మూలకు వేస్తాడు. ఆ తరువాత బంతిని వదిలేసి కొట్టేవాడి భుజం, మోచేయి చూస్తాను. మోచేయి ఎత్తుగా వెనక్కి వెళ్లి చేయి వేగంగా వస్తుంటే నా చోటు నుంచి కదలను, బంతి నేరుగా నా మీదికో పక్కకో వస్తుంది. మోచేయి కాస్త కిందికి జారి చేయి నెమ్మదించిందా, నెమ్మదిగా మూలకు వేయబోతున్నాడు, అప్పుడు పరుగు. కుర్రాళ్లు ముందే కదిలిపోతారు, తప్పు దిక్కుకు కదిలినా వెనక్కి రాగల కాళ్లు వారికున్నాయి. ముందే కదిలితే కొట్టేవాడు చూసి ఖాళీ చేసిన చోటికే వేస్తాడు. నాకు రెండో పరుగు లేదు కాబట్టి ఆఖరి క్షణందాకా నిలబడటం నేర్చుకోక తప్పలేదు. ఈ ఒక్క విషయంలో నా భాగస్వామి కన్నా నేనే మెరుగని అతనే ఒప్పుకుంటాడు, కాస్త అయిష్టంగా.

సర్వీస్ మరో ఆయుధం. ఎగిరి బలంగా కొట్టే సర్వీస్ నేను మానేశాను. ఎదురుగాలి ఉన్న పక్క నుంచి నిలబడి ఫ్లోట్ (బంతి తిరగకుండా కొట్టే సర్వీస్) వేస్తే బంతి నెట్ దాటాక ఊగి, ఉన్నట్టుండి కిందికి జారుతుంది. బీచ్ బంతిలో గాలి ఒత్తిడి ఇండోర్ బంతి కన్నా తక్కువ, అందుకే గాలి దానితో ఆడుకుంటుంది. టాస్ గెలిస్తే చాలామంది ఆలోచించకుండా సర్వీసో రిసీవో కోరుకుంటారు. గాలి గట్టిగా ఉన్న రోజు నేను పక్క కోరుకుంటాను.

ఇండోర్ అలవాట్లలో కొన్ని ఇక్కడ విజిల్ తెప్పిస్తాయి. విప్పిన వేళ్లతో బంతిని నెట్ మీదుగా మెత్తగా తోయడం కుదరదు, వేళ్లు మడిచి కణుపులతో పొడవాలి. బ్లాక్‌కు తగిలిన బంతి మూడు స్పర్శల్లో ఒకటిగా లెక్క. వేళ్లతో చేసే సెట్‌లో బంతి కొంచెం తిరిగినా డబుల్ (రెండుసార్లు తాకిన తప్పు) అంటారు, అంచేత మొదట్లో ముంజేతుల మీద సెట్ చేయడం మేలు.

వ్యాయామం గురించి అందరూ చెప్పేదే చెబుతాను: బరువులెత్తండి. నలభైల్లోనూ కండరం బరువుకు స్పందిస్తుంది, ఆ తరువాత కూడా స్పందిస్తుంది. వారానికి రెండు రోజులు స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ లాంటివి తక్కువ సంఖ్యలో, భారీగా చేస్తాను. ప్రాక్టీసులో మాత్రం ఎగరడం బాగా తగ్గించాను. సర్వీస్ అందుకోవడం, సెట్, డిఫెన్స్ నేల మీద నిలబడే సాధన చేయవచ్చు. కాళ్లలో ఉన్న ఎగిరే శక్తిని టోర్నమెంటుకు దాచుకోవాలి. టోర్నమెంటు అయిన మరునాడు పూర్తిగా పడుకోకండి, నడవండి. మూడో రోజున మెట్లు దిగేటప్పుడు కూడా మోకాలు నొప్పిగా ఉంటే ఆ వారం ఇసుక లేనట్టే. ఇందులో నేను మొండికెత్తను.

ఇంకొక మాట. వరల్డ్ మాస్టర్స్ గేమ్స్ లాంటి చోట్ల బీచ్ వాలీబాల్‌కు వయసు విభాగాలు ఉంటాయి. ఓపెన్ కష్టంగా ఉంటే అటు వెళ్లి తేలిగ్గా గెలుద్దామని మాత్రం అనుకోకండి. నా తొలి మాస్టర్స్ మ్యాచ్‌లో అవతల ఉన్నవారు నాకన్నా బాగా పెద్దవారు. ఇద్దరూ ఒక్క బంతినీ గట్టిగా కొట్టలేదు. ఒకటి ముందు మూలకు, ఒకటి వెనక మూలకు, మళ్లీ ముందుకు. నేను సెట్ పొడవునా పరుగెడుతూనే ఉన్నాను, వారు ఒళ్లు అలవకుండా గెలిచి, చేతులు కలిపి, నా పేరేమిటని అడిగి వెళ్లిపోయారు.