గానుగ పెట్టేముందు ఒక్క పేజీయా, పెద్ద రిపోర్టా?

అమ్మాయ్,

నీ మెసేజ్ చూశా. గానుగ నూనె బిజినెస్ పెడతానంటున్నావ్, నీ ఫ్రెండేమో ఒక్క పేజీ లీన్ ప్లాన్ చాలంటోంది, బావేమో పూర్తి ప్రాజెక్ట్ రిపోర్ట్ లేకుండా అడుగు ముందుకేయొద్దంటున్నాడు. రిటైరయ్యేదాకా బ్యాంకులో లోన్ ఫైళ్ళు చూసినోణ్ణి కాబట్టి చెప్తున్నా, రెండూ కావాలి, కానీ ముందు పేజీ, తర్వాతే రిపోర్ట్.

ఆ పేజీలో ఎవరు కొంటారు, ఇప్పుడు ఏ నూనె వాడుతున్నారు, లీటరు ఎంతకిస్తావ్, నీకెంత పడుతుంది, ఇవి రాస్తే చాలు. ఇవన్నీ ప్రస్తుతానికి నీ ఊహలే కదా, వాటిని చెక్ చేసుకోడానికి మిషన్ కొననక్కర్లేదు, ఉన్న గానుగ దగ్గరికే పల్లీ తీసుకెళ్లి కూలికి ఆడించు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి సరుకుల భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ మాత్రం ముందే చేయించుకో, ఎంత చిన్నగా అమ్మినా అది ఉండాల్సిందే. డబ్బు తీసుకునే ఇవ్వు, ఫ్రీగా ఇస్తే అందరూ బాగుందనే అంటారు. మొదటిసారి చుట్టరికానికి కొంటారులే, అది లెక్క కాదు, నువ్వు అడక్కుండా రెండోసారి ఎవరు ఫోన్ చేశారో అది రాసుకో.

ఖర్చు లెక్క కూడా అప్పుడే తేలుతుంది. లీటరుకి దాదాపు రెండున్నర కిలోల గింజలు పోతాయి, గింజని బట్టి అటూ ఇటూ. పైగా లీటరు నూనె కిలో తూగదు, 910 గ్రాముల దగ్గర ఉంటుంది, ఇది మర్చిపోయి కిలో రేటునీ లీటరు రేటునీ కలిపేసిన రిపోర్టులు బోలెడు చూశా. నూనె తీశాక మిగిలిన పిండిని (చెక్కని) పశువుల దాణాకి ఎంతకి కొంటారో కూడా కనుక్కో, లాభం చాలావరకు అందులోనే ఉంటుంది.

మరి పెద్ద రిపోర్ట్ ఎందుకంటావా, పల్లీ పంట మీద కొని నిలవ పెట్టుకోవాలి కదా. ఆదోని యార్డుకి సరుకు బాగా వచ్చే రోజుల్లో కొనకపోతే తర్వాత రేటు పెరిగి నీ లీటరు లెక్కంతా తల్లకిందులవుతుంది, ఆ సరుకు మీద ఇరుక్కుపోయే డబ్బు ఒక్క పేజీ ప్లాన్‌లో కనపడదు, నెలనెలా రాబడి ఖర్చు వేస్తేనే బయటపడుతుంది. బ్యాంకువాళ్ళు చూసేది కూడా అదే, వచ్చే డబ్బులో కిస్తీ పోను ఏమన్నా మిగులుతుందా అని. కన్సల్టెంట్ ఇచ్చే షీట్లో మిషన్ సామర్థ్యంలో మొదటేడు 60 శాతం, తర్వాత 70, 80 నడిచినట్టు వేసుంటుంది, పేరు మార్చి అందరికీ అదే ఇస్తారు (ఆఫీసర్‌కి కూడా తెలుసు, నవ్వుకుంటాడు). నువ్వు నీ అమ్మకాల పుస్తకం పక్కన పెట్టి మాట్లాడితే ఆ మాటే వేరు.

ఒక్కటి జాగ్రత్త. పీఎంఈజీపీ (చిన్న యూనిట్ పెట్టుకోడానికి లోన్ మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం) కింద మొదటి లోన్ సబ్సిడీ కొత్త యూనిట్లకే, ముందే యూనిట్ పెట్టేసి తర్వాత అప్లై చేస్తే చిక్కు, అందుకే కూలికి ఆడించమన్నది. ఆ సబ్సిడీ కూడా చేతికివ్వరు, మూడేళ్ళు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది, కాబట్టి దాన్ని పెట్టుబడిలో వేసుకోకు. ఇప్పుడు అప్లికేషన్లు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడుగు.

మిషన్ కొటేషన్లు ఇద్దరు ముగ్గురి దగ్గర తీసుకో, అడ్వాన్స్ మాత్రం ఎవరికీ ఇవ్వకు. రిపోర్ట్ తయారయ్యాక సంతకం పెట్టకముందే నాకు పంపు, ఆదివారం కూర్చుని చూస్తా.

మీ మామయ్య