ఒకే సూదితో పచ్చబొట్లు.. హెపటైటిస్ బి సోకిందేమో?

ప్రశ్న: నా వయసు 22. మాది పాడేరు దగ్గర గిరిజన గూడెం. విశాఖలో డిగ్రీ చదువుతున్నాను. మా ఊరివాడే అయిన నా రూమ్మేట్ రక్తదానం చేస్తే, హెపటైటిస్ బి పాజిటివ్ అని బ్లడ్ బ్యాంక్ నుంచి ఫోన్ వచ్చింది. నిరుడు జాతరలో మేం నలుగురం ఒకే సూదితో పచ్చబొట్లు వేయించుకున్నాం. రోజూ ఒకే కంచంలో తింటాం. నాకు కామెర్లు రాలేదు, అయినా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: కంచం గురించి భయం వద్దు. హెపటైటిస్ బి లివర్‌ను దెబ్బతీసే వైరస్; కలిసి తిన్నా, ఒకే గదిలో పడుకున్నా ఇది అంటుకోదు. దయచేసి అతన్ని వెలివేసినట్టు చూడకండి. సూది సంగతి మాత్రం ఆలోచించాల్సిందే. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ కనీసం 7 రోజులు బతుకుతుంది. సూదిని గుడ్డతో తుడిచినంత మాత్రాన చావదు. సంతలో అందరికీ వాడే గడ్డం బ్లేడు, ఒకరికి వాడిన సిరంజి, కండోమ్ లేని కలయిక కూడా ప్రమాదమే.

కామెర్లు రాలేదన్న ధీమా పనికిరాదు. చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. పచ్చబొట్లు వేయించుకున్న అందరూ హెచ్‌బీఎస్ఏజీ (వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందా), యాంటీ హెచ్‌బీసీ (ఎప్పుడైనా సోకిందా), యాంటీ హెచ్‌బీఎస్ (రక్షణ ఉందా) రక్తపరీక్షలు చేయించుకోండి. ఏడాది గడిచింది కాబట్టి అప్పుడు సోకి ఉంటే ఇప్పుడు తెలిసిపోతుంది. మూడూ నెగటివ్ అయితే టీకా వేయించుకోండి: ఇవాళ ఒకటి, నెలకు ఒకటి, ఆరు నెలలకు మూడోది.

మీ రూమ్మేట్‌కు ఆ పచ్చబొట్టు వల్లే వచ్చిందని మాత్రం తేల్చేయకండి, పుట్టినప్పుడే తల్లి నుంచి వచ్చి ఉండొచ్చు. పెద్దయ్యాక సోకితే, ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. కాన్పు సమయంలో తల్లి నుంచి సోకితే 90 శాతం పిల్లల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అందుకే పుట్టిన 24 గంటల్లో టీకా పడాలి. గర్భిణిని డోలీలో మోయాల్సిన గూడేల్లో, ఇంట్లోనే కాన్పయితే ఆ డోసు వేసేదెవరు? పైగా ప్రభుత్వ కార్యక్రమంలో ఈ టీకా దేశమంతటికీ చేరింది 2011 తర్వాతే. మీ వయసువాళ్లకు పడిందని నమ్మకం లేదు. అతని అమ్మకు, తోబుట్టువులకు కూడా పరీక్ష చేయించాలి.

ఇక మీ స్నేహితుడి వైద్యం. పాజిటివ్ వచ్చిన ప్రతివారికీ మందులు అక్కర్లేదు. లివర్ పరీక్షలు, వైరస్ లోడు (రక్తంలో వైరస్ ఎంత ఉందో), స్కానింగ్ చూసి డాక్టరు నిర్ణయిస్తారు. అవసరమైతే వైరస్‌ను అణచే టెనోఫోవిర్ మాత్ర రోజుకొకటి. సొంతంగా ఆపేస్తే లివర్ ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. జిల్లా ఆసుపత్రిలో అడగండి.

జీలుగు కల్లు, సారా రెండూ మానాలి. పసరు మందు జోలికి వెళ్లొద్దు. హెపటైటిస్ ఎ కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. పెళ్లికి అడ్డేమీ లేదు. అమ్మాయికి ముందే విషయం చెప్పి, పరీక్ష చేయించి, టీకా మూడు డోసులూ పూర్తయ్యేదాకా కండోమ్ వాడితే చాలు.