ఫాస్టాగ్‌లో డబ్బులున్నా గేటు ఎందుకు లేవదు?

"బ్యాలెన్స్ ఉంది, అయినా ప్రతి టోల్ గేట్ దగ్గరా బండి వెనక్కి తీసి మళ్లీ రమ్మంటున్నారు. ట్యాగ్‌లో బ్యాటరీ అయిపోయిందా?" అని అడిగారు కదా. అందులో బ్యాటరీ ఉండదండీ. గేటు పైన బిగించిన రీడర్ (ట్యాగ్‌ని చదివే మిషన్) యాంటెన్నా 865 మెగాహెర్ట్జ్‌కి కాస్త అటూ ఇటూగా రేడియో తరంగాలు వదులుతుంది. ట్యాగ్‌లోని చిప్ వాటినుంచే ఇంత కరెంటు లాక్కుని, తన నంబరును ఆ తరంగాల మీదే తిప్పి పంపుతుంది. అది చాలా బలహీనమైన జవాబు. చిన్న అడ్డం వచ్చినా రీడర్‌కి అందదు.

నా సంగతి చెప్తాను. రెండేళ్ల కిందట రాయి తగిలి ముందు అద్దం మార్పించాను. షెడ్డు కుర్రాడు పాత ట్యాగ్‌ని జాగ్రత్తగానే ఊడదీసి, కొత్త అద్దానికి టేపుతో అంటించాడు. సంక్రాంతికి ఊరికి బయల్దేరితే మొదటి గేటు దగ్గరే ఆగిపోయింది. ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు. వెనక హారన్ల మోత. చివరికి చేతి మిషన్ తెచ్చి అద్దానికి ఆనిస్తే 'కుయ్' మంది. తర్వాతి గేటులో దానిక్కూడా అందలేదు. మిషన్ పాడైతే ఉచితంగా వదలాలని 2018 నుంచి రూల్ ఉందని గొడవపడ్డాను. "మీ ముందు బండి వెళ్లింది కదా సార్, మిషన్ బాగానే ఉంది" అన్నాడు గేటు దగ్గర కుర్రాడు. నిజమే మరి. డబుల్ కట్టాను. (2025 నవంబర్ 15న వచ్చిన రూల్‌లో యూపీఐతో కడితే ఒకటింపావు వంతే, నగదుకైతే రెట్టింపే అన్నారు.)

ఇంటికొచ్చి ట్యాగ్‌ని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టి చూశాను. వెండిరంగు సన్నగీతల మధ్య ఆవగింజలో సగమంత చిప్. దాని పక్కనే గీత తెగి ఉంది. ఒక బండిది ఇంకో బండికి వాడకుండా, ఊడదీస్తే పాడయ్యేలాగే వీటిని తయారుచేస్తారు.

ఈసారి గొడవపడే ముందు స్క్రీన్ చూడండి. మీ బండి నంబరు పడి కూడా గేటు లేవకపోతే ట్యాగ్ తప్పు కాదు. ట్యాగ్‌ని బ్లాక్‌లిస్టులో పెట్టి ఆపేశారో, కేవైసీ (గుర్తింపు పత్రాలు) పూర్తికాలేదో, బ్యాంకు తేల్చాలి. నంబరే పడకపోతే రేడియో గొడవ. ఊడదీసి అంటించారా, డాష్‌బోర్డు మీద పెట్టారా, అద్దానికి వేడి ఆపే లోహపు పూత ఉందా? పూత ఉన్న కొన్ని అద్దాల్లో వెనక చూసే అద్దం దగ్గర పూత లేని జాగా కొంచెం వదులుతారు, అక్కడే అంటించాలి. ముందు బండికి మరీ ఆనుకుని వెళ్లకండి, రీడర్ వాళ్లదానికి బదులు మీ ట్యాగ్‌నే చదివే అవకాశముంది.

ట్యాగ్ మార్చాల్సి వస్తే పాతది ఇచ్చిన బ్యాంకునే రీప్లేస్‌మెంట్ అడగండి. వేరే బ్యాంకులో కొత్తది తీసుకుంటే పాతదాన్ని ముందు మూసేయించాలి, ఒక బండికి ఒకటే ట్యాగ్.