కింద ఇల్లు పూర్తిగా కట్టుకో, పైది అవసరాన్ని బట్టి

చిన్నాకి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు ప్లాన్లూ చూశాం. మీ పెదనాన్న భూతద్దం తెచ్చుకుని మరీ చూశారు. ఒకటి అంతా నేలమీదే ఉన్న ఇల్లు. ఇంకోటి కింద హాలూ వంటిల్లూ, పైన మూడు బెడ్‌రూములూ ఉన్న డూప్లెక్స్. ఏది కట్టమంటావు పెద్దమ్మా అని అడిగావు. నేను రెండు రకాల ఇళ్ళలోనూ కాపురం చేశాను కదా, ఆ రెండూ కాకుండా మూడోది చెబుతాను.

ముందు మా తెలివితక్కువతనం విను. 2012లో ఈ ఇల్లు కట్టినప్పుడు పడగ్గదులన్నీ పైకి పంపేశాం. అప్పుడు మీ పెదనాన్నకి యాభై ఆరు. రోజుకి పదిసార్లు ఎక్కి దిగేవారు, మెట్లంటే లెక్కేలేదు. 2021లో మోకాలి ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చాక నాలుగు నెలలు ఆయన మంచం హాల్లో, టీవీ పక్కన. కింద ఉన్న ఒక్క బాత్రూమూ మెట్ల కింద ఇరికించింది. ఆ గుమ్మంలో వాకర్ పట్టలేదు. మేస్త్రీని పిలిచి తలుపు పీకించి, ఒక దుప్పటి కర్టెన్‌లా వేలాడదీశాను. పరామర్శకని చుట్టాలు వచ్చి సోఫాలో కూర్చుంటే, పాపం ఆయన గోడవైపు తిరిగి నిద్ర నటించేవారు. అంత ఇల్లుండి దాచుకోవడానికి ఒక గది లేకపోయింది.

అలాగని ఒక్క అంతస్తుతో సరిపెట్టుకోమనీ అనను. 1994లో కట్టిన మా పాత ఇల్లు అదే కదా. మే నెలలో రాత్రి పదకొండింటికి డాబా ఎక్కి శ్లాబు మీద అరచెయ్యి పెడితే, అప్పుడే దించిన పెనంలా ఉండేది. ఆ వేడంతా తెల్లారేదాకా కిందికి దిగుతూనే ఉంటుంది. వంటింట్లో, పూజగదిలో, ఎక్కడికెళ్ళినా నెత్తిమీద అదే శ్లాబు. 2005లో పైన ఇంకో పోర్షన్ వేశాక కింద గదులు చల్లబడ్డాయి. పైవాళ్ళు ఉడికిపోయారనుకో, అది వేరే సంగతి. పైన ఏమీ వెయ్యకపోతే డాబాకి ఏటా మార్చిలో తెల్ల సున్నమో, కూల్ రూఫ్ పెయింటో కొట్టించాలి. కొంత తేడా ఉంటుంది.

ఆ పై పోర్షన్ వేసినప్పటి తిప్పలు కూడా చెప్పాలి. ఎప్పటికైనా వేద్దామని పిల్లర్ల ఊచలు పైకి వదిలేశాం. పదకొండేళ్ళు ఎండకి ఎండి వానకి తడిశాయి. వాటికి దండేలు కట్టి నేనే బట్టలారేసేదాన్ని, చీరలకి తుప్పు మరకలు. ఇంజనీరు వచ్చి వైరు బ్రష్‌తో రుద్దిస్తే తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది. కొన్ని ఊచలు సన్నబడిపోయాయి, వాటి మీద బరువు వెయ్యను అన్నాడు. కాంక్రీటు చెక్కించి గట్టి ఊచ దొరికినచోట కొత్తవి కట్టించాల్సొచ్చింది. నువ్వు ఊచలు వదిలితే వాటికి చిక్కటి సిమెంటు పాలు పట్టించి, చుట్టూ బలహీనమైన కాంక్రీటు పోయించి మూసెయ్యి. కావలసినప్పుడు పగలగొట్టుకోవచ్చు.

అసలు విషయం పునాది. "ఒక్క అంతస్తేగా అమ్మా, తేలిక ఇల్లు, ఇంత పునాది ఎందుకు" అని మేస్త్రీ అంటాడు చూడు, ఆ మాట నమ్మకు. మీ స్థలం నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలిస్తుంది, వానలు పడితే ఉబ్బుతుంది. అలా ఉబ్బే నేల బరువైన ఇంటి కంటే తేలికైన ఇంటినే సులువుగా ఎత్తి కుదేస్తుంది. కిటికీ మూలనుంచి ఏటవాలుగా పాకే బీటలు మన తెనాలిలో ఎన్ని ఇళ్ళకి చూడలేదు! ముందు మట్టి పరీక్ష చేయించు. రేగడి లోతుగా ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్ అని వేస్తారు, కింద ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు పిల్లర్లు. తడీ ఎండా అంతగా సోకని లోతుకి, పన్నెండు అడుగుల దాకా దింపుతారు. ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఎలాగూ పెట్టాలి కాబట్టి రెండంతస్తుల బరువుకి లెక్క వేయించి పెట్టు. ఆ లెక్క స్ట్రక్చరల్ ఇంజనీరు చెయ్యాలి, మేస్త్రీ కాదు. తరువాత బెడ్‌రూము మార్చుకోగలవు గానీ పునాది మార్చలేవు.

ఇప్పుడు నా మూడో ప్లాన్. కింద రెండు బెడ్‌రూములు, ఒకదానికి బాత్రూము, వాకర్ పట్టేంత గుమ్మం. వంటిల్లు, పూజగది, హాలు. అంటే పైకి ఒక్కసారీ ఎక్కకుండా బతికెయ్యగలిగే ఇల్లు. స్థలం నాలుగు సెంట్లు, అంటే 194 గజాల లోపు. చుట్టూ వదలాల్సింది వదిలితే ఇవి పడతాయి. మూడోది పట్టదు, పట్టించబోకు. మెట్లు ఇంటి బయటనుంచి పెట్టు. రేపు పైన అద్దెకిచ్చినా, నువ్వు వచ్చి ఉన్నా ఎవరి దారి వాళ్ళది. ఇంట్లోంచి మెట్లంటే కింద పైన కలిపి రెండు వందల చదరపు అడుగుల దాకా తినేస్తాయి.

మెట్టు ఎత్తు ఆరంగుళాలు ఉండాలి. పదిన్నర అడుగుల ఎత్తుకి ఏడంగుళాల మెట్లైతే పద్ధెనిమిది, ఆరంగుళాలైతే ఇరవై ఒకటి. మూడు మెట్లకి జాగా దండగ అంటారు. మోకాళ్ళు వాళ్ళవి కాదుగా! మెట్లు ఈశాన్యంలో వద్దు, మీ నాన్న ఒప్పుకోరు. పైన వేసేటప్పుడు నైరుతి వైపు వేసి ఈశాన్యం డాబా వదిలేస్తే ఆయన వాస్తూ కుదురుతుంది, మీ అమ్మ వడియాలకీ జాగా ఉంటుంది.

అనుమతికి ప్లాన్ మాత్రం ఇప్పుడే జీ ప్లస్ వన్‌కి, అంటే కింద, పైన కలిపి రెండంతస్తులకి పెట్టు, ఆ అనుమతి గడువు ఎంతో కనుక్కో. తరువాత అనుమతి లేకుండా వేసేసి, జరిమానా కట్టి సక్రమం చేసుకునే బీపీఎస్ పథకం వచ్చినప్పుడు కట్టేద్దాంలే అనుకోకు.

పైది ఎప్పుడు వెయ్యాలంటే, అందులో ఉండే మనిషి కనిపించినప్పుడు. కానీ పైన ఒక గది, బాత్రూము మాత్రం మొదటే వేస్తే మంచిదని 2024 సెప్టెంబరు చూశాక అనిపిస్తోంది. బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో మా ఆడపడుచు వాళ్ళకి పైన గది ఉంది కాబట్టి బియ్యం, కాగితాలు పైకి చేర్చుకుని కూర్చున్నారు. పక్కింటివాళ్ళది ఒక్క అంతస్తు, డాబా మీద టార్పాలిన్ కట్టుకుని వానలో ఉన్నారు. తెనాలికి బుడమేరు రాదులే. కానీ సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ ఇల్లు గుంటలోకి పోతుంది. మా పాత ఇంటికి ఎక్కే మెట్లు మూడుండేవి, ఇప్పుడు ఒకటే మిగిలింది. ఇప్పటి రోడ్డుకి మూడడుగుల ఎత్తున నేలమట్టం పెట్టించు, గుమ్మం పక్కన ర్యాంపుకి జాగా వదులు.

డూప్లెక్స్ ఎలివేషన్ బాగుందని కోడలికి మనసైందట. బాగానే ఉంది, కాదనను. ఒక్క సంగతి. మొన్న శ్రావణ శుక్రవారం మా ఇంటికొచ్చినప్పుడు ఆడవాళ్ళందరం పైకెళ్ళి కొత్త చీరలు చూసుకున్నాం. మీ అమ్మ రాలేదు. పూలు కట్టాలంటూ కిందే కూర్చుంది. కట్టాల్సిన పూలు అప్పటికే అయిపోయాయి.

నేను చెప్పానని మీ అమ్మతో అనకు. పునాదికి మార్కింగ్ వేసే రోజు కబురు పెట్టు, టేపు తీసుకుని నేనే వస్తాను.

మీ పెద్దమ్మ